చెయిన్ కట్టి రోడ్డెక్కితే చాలు మా బంటి వేరే కుక్క అయిపోతున్నాడు – పటమట, విజయవాడ

బంటి_అమ్మ | ఆగస్టు 10, రాత్రి 10:42

నమస్తే అండి అందరికీ. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. మా బంటికి రెండేళ్ల మూడు నెలలు, నాటు కుక్కే, మగవాడు, ఆపరేషన్ అయిపోయింది, టీకాలన్నీ టైముకి వేయించాం. రెండు నెలల పిల్లప్పుడు వానలో మా సెల్లార్‌లోకి వచ్చి స్కూటీ కింద పడుకున్నాడు, అప్పట్నుంచి మాతోనే. ఇంట్లో వాడంత బుద్ధిమంతుడు లేడు, పాలబ్బాయి వచ్చినా గ్యాస్ అబ్బాయి వచ్చినా ఒకసారి వాసన చూసి వెళ్లి పడుకుంటాడు. మేడ మీద పక్కవాటా వాళ్ల కుక్కతో చెయిన్ లేకుండా హాయిగా ఆడుకుంటాడు. అదే చెయిన్ కట్టి గేటు దాటామా ఇంక ఎవరో పూనినట్టే. దూరంగా ఇంకో కుక్క కనిపిస్తే చాలు వెనక కాళ్ల మీద లేచి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి, నన్ను రోడ్డు మధ్యకి ఈడ్చుకుపోతాడు.

ఇవాళ పొద్దున రైతు బజార్ దగ్గర సందు మలుపులో ఒకాయన ల్యాబ్రడార్‌ని తీసుకుని సరిగ్గా ఎదురుపడ్డారు. వీడు ఎగిరాడు, నేను కంగారులో మెడ బెల్టు పట్టుకున్నాను, చటుక్కున వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టేసాడు. మణికట్టు పైన రెండు గాట్లు. వెంటనే వదిలేసాడు, వదిలేసి చెవులు వెనక్కి వేసుకుని నా మొహంలోకి చూసాడు, ఆ చూపు ఇంకా కళ్ల ముందే ఉంది. కూరగాయలు కొంటున్న ఒకావిడ అంత పిచ్చి కుక్కని ఎందుకమ్మా పెంచుకోవడం అంది. మా అత్తగారు ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. ఆవిడది తప్పనను, ఇంట్లో పాప ఉంది. కానీ వాడిని ఎవరికి ఇస్తాను, ఎవరు తీసుకుంటారు. ఇది పొగరా, కోపమా, ఇంకేదైనానా? ఎవరికైనా ఇలా జరిగి మారిందా?

గన్నవరం_పశువైద్యం | ఆగస్టు 10, రాత్రి 10:55

బంటి సంగతి తర్వాత అమ్మా, ముందు చెయ్యి సంగతి చెప్పండి. సబ్బుతో కడిగారా? కుళాయి కింద, ధారగా, 15 నిమిషాలు కడగాలి. కట్టు కట్టెయ్యొద్దు, పసుపు, కారం, సున్నం లాంటివి ఏవీ పెట్టొద్దు. మన కుక్కే కదా, టీకా ఉంది కదా అని వదిలెయ్యొద్దు, రక్తం వచ్చింది కాబట్టి రేపు పొద్దున్నే గవర్నమెంట్ ఆస్పత్రికి వెళ్లి చూపించుకోండి, రేబిస్ టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కావాలా వద్దా డాక్టర్ చెప్తారు. వెళ్లేటప్పుడు బంటి టీకాల కార్డు తీసుకెళ్లండి. పది రోజులు వాడిని గమనిస్తూ ఉండండి. అలాగే టీటీ గురించి అడగండి.

మిగతాది రేపు వివరంగా రాస్తాను.

బంటి_అమ్మ | ఆగస్టు 10, రాత్రి 11:03

కడిగానండి కానీ అంతసేపు కాదు. ఇప్పుడు మళ్లీ కడుగుతున్నా. రేపు వెళ్తాను.

ఆటోనగర్_షెపర్డ్ | ఆగస్టు 11, ఉదయం 6:15

అమ్మా మీరు వాడిని నెత్తికెక్కించుకున్నారు, అంతే. నేను 20 ఏళ్లుగా జర్మన్ షెపర్డ్‌లు పెంచుతున్నా. గుంజితే మెడకి బిగుసుకునే చోక్ చెయిన్ కొనండి, ఎగిరినప్పుడు ఒక్క గుంజు గుంజండి, రెండు మూడు సార్లకి దారికొస్తాడు. యజమాని ఎవరో కుక్కకి తెలియాలి. ఇంట్లో పాప ఉందంటున్నారు కాబట్టి చెప్తున్నా, మెత్తగా ఉంటే కుదరదు.

బ్రాడీపేట_కుర్రోడు | ఆగస్టు 11, ఉదయం 7:40

అన్నా మీ మాట కాదనడం కాదు కానీ నా కథ చెప్తా వినండి. మాదీ షెపర్డే, పేరు రాజా. గుంటూరులో మాకు తెలిసిన ఒక ట్రైనర్ ముళ్ల బెల్టు వెయ్యమన్నాడు, వేశాం. నిజంగానే పది రోజుల్లో మొరగడం ఆగిపోయింది, గుర్రుమనడం కూడా ఆగిపోయింది, మా నాన్న అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు మా వాడు మారిపోయాడని. నాలుగో నెలలో మా బాబాయి వాళ్ల కుక్కతో మా ఇంటికి వచ్చాడు. రాజా మొరగలేదు, పళ్లు చూపించలేదు, కదలకుండా నిలబడ్డాడు, నిలబడి ఒక్కసారిగా దాని చెవి పట్టుకున్నాడు. ఆరు కుట్లు పడ్డాయి. 

తర్వాత మాకర్థమైంది ఏంటంటే వాడి భయం పోలేదు, భయం వేస్తోందని మాకు చెప్పడం మానేసాడు. చెప్పినప్పుడల్లా మెడకి ముళ్లు గుచ్చుకున్నాయి కదా మరి. పైగా వాడి లెక్కలో ఇంకో కుక్క కనిపించడం, మెడ నొప్పి పుట్టడం ఒకేసారి జరిగాయి, అంటే ఆ కుక్క వల్లే నొప్పి వచ్చింది. ఆ బెల్టు తీసి పారేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడానికి ఏడాది పట్టింది. అందుకే చెప్తున్నా అక్కా, ఆ దారి వద్దు.

గన్నవరం_పశువైద్యం | ఆగస్టు 11, రాత్రి 9:20

బ్రాడీపేట తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో ఒక ప్రకటన ఇచ్చింది, అన్ని కుక్కలకీ, మీదపడే కుక్కలకి కూడా, శిక్ష లేకుండా తిండితో మెచ్చుకోలుతో నేర్పే పద్ధతే వాడమని. ఆటోనగర్ గారూ, మీ అనుభవాన్ని తక్కువ చెయ్యట్లేదు, గుంజితే మొరుగుడు ఆగుతుంది, అది నేనూ చూశాను. ఆగింది మొరుగుడు మాత్రమే.

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకి వస్తాను. పొగరు కాదు. మీ మేడ మీద రెండు కుక్కలు ఎలా కలుస్తాయో ఒకసారి నిలబడి చూడండి. తిన్నగా మొహానికి మొహం పెట్టి రావు. చంద్రవంకలాగా పక్కనుంచి ఒంపు తిరిగి వస్తాయి, మధ్యలో ఆగి నేల వాసన చూస్తాయి, మొహం పక్కకి తిప్పుకుంటాయి, వెనక వాసన చూసుకుంటాయి, నచ్చకపోతే ఎవరి దారిన అవి పోతాయి. కుక్కల మర్యాద అది. ఇప్పుడు మన సందులో చెయిన్ కట్టి నడిపించడం ఆలోచించండి. ఆరడుగుల తాడు, అటు కాలవ, ఇటు ఆగి ఉన్న కార్లు, ఎదురుగా ఇంకో కుక్క తిన్నగా వచ్చేస్తోంది. ఒంపు తిరగడానికి లేదు, పారిపోవడానికి అసలే లేదు. పైగా మనం భయపడి తాడు బిగిస్తాం, బిగిస్తే వాడి తల పైకి లేచి ఛాతీ ముందుకు వస్తుంది, ఎదుటి కుక్కకి అది కయ్యానికి కాలు దువ్వినట్టు కనిపిస్తుంది. పారిపోయే దారి లేనివాడు అరిచి అవతలివాడిని తరిమేద్దాం అనుకుంటాడు. అరిచాడు, అవతలివాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు ఎలాగూ వెళ్లేవాళ్లే, కానీ బంటికి అది తెలీదు కదా, నేను అరిచాను కాబట్టే వెళ్లారు అనుకుంటాడు. రోజుకి రెండుసార్లు చొప్పున రెండేళ్లు ఆ పాఠం నేర్చుకున్నాడు.

మీ చెయ్యి పట్టుకోవడం కూడా మీ మీద కోపం కాదు. ఆ ఉద్రేకంలో మెడ దగ్గర ఏది తగిలితే దాన్ని పడతారు. ఇకమీదట ఎగిరినప్పుడు మెడ బెల్టు మీద చెయ్యి వెయ్యొద్దు, తాడుతోనే తిప్పుకోండి.

ఇంకొకటి. శిక్షణ కంటే ముందు ఒంట్లో నొప్పి ఏమైనా ఉందేమో చూపించండి. చెవిలో ఇన్ఫెక్షన్, తుంటి నొప్పి, పంటి నొప్పి, టిక్ ఫీవర్ ఇవన్నీ కుక్కని చిరచిరలాడేలా చేస్తాయి. మన ఊళ్లో ఈ వానాకాలం పిడుదులు ఎలా ఉంటాయో తెలుసు కదా. మీకు దగ్గర డాక్టర్ ఎవరూ లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ క్లినిక్‌కి తీసుకురండి.

భవానీపురం_రూబీ | ఆగస్టు 11, రాత్రి 10:05

సార్ చెప్పింది భయం రకం. ఇంకో రకం కూడా ఉందండి, మా రూబీ ఆ రకం. ల్యాబ్, ఆడపిల్ల, చిన్నప్పుడు రోడ్డు మీద కనిపించిన ప్రతి కుక్క దగ్గరికీ తీసుకెళ్లి హలో చెప్పించాం, సోషలైజేషన్ అంటే అదే అనుకుని. అది పెద్దదయ్యేసరికి హలో చెప్పనివ్వకపోతే తట్టుకోలేకపోయేది, మొరిగి మొరిగి ఏడ్చేది, పుష్కర ఘాట్ దగ్గర ఒకసారి నన్ను మోకాళ్ల మీద పడేసింది. చూసేవాళ్లకి రెండూ ఒకటే, మొరుగుడు, లాగుడు. కానీ మా దానిది కోపం కాదు, భయం కాదు, చేరుకోలేకపోయానన్న ఉక్రోషం. 

తేడా ఎలా తెలుస్తుందంటే మొరగడానికి ముందు చూడాలి. భయం ఉన్నది నోరు టక్కున మూసేసి, బరువు వెనక కాళ్ల మీద వేసి, పెదాలు నాకుతుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఉక్రోషం ఉన్నది ఒళ్లంతా ఊగిపోతూ ముందుకి పడుతుంది, సన్నగా కూస్తుంది. రెండూ కలిసి ఉండేవి కూడా ఉంటాయి. మీ బంటి మేడ మీద ఆడుకుంటాడంటున్నారు కాబట్టి మా రకం కూడా కొంచెం ఉండొచ్చు అనిపిస్తోంది.

సత్యనారాయణపురం_స్నోయి | ఆగస్టు 12, ఉదయం 8:10

మాది స్పిట్జ్, నాలుగు కిలోలు. ఇదే ప్రాబ్లమ్. పెద్ద కుక్క చేస్తే భయపడతారు, చిన్నది చేస్తే నవ్వుతారు, పిల్లలు కావాలని రెచ్చగొట్టి వీడియోలు తీస్తారు. దానికి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో ఎత్తుకున్న నాకు తెలుసు. దయచేసి చిన్న కుక్కలది కూడా భయమే అని గుర్తించండి. ఫాలో అవుతున్నా.

బంటి_అమ్మ | ఆగస్టు 13, రాత్రి 9:50

మొదటి టీకా అయిపోయిందండి, మూడో రోజుది రేపు. బంటిని డాక్టర్‌కి చూపించాం, ఎడమ చెవిలో ఇన్ఫెక్షన్ ఉందట! బెల్టు ఆ చెవి కిందే రాసుకుంటోందట. నాకు తెలియనే లేదు. మందు వేస్తుంటే కడుపు తరుక్కుపోయింది. మెడ బెల్టు మాని ఛాతీ హార్నెస్ తీసుకున్నాం, ముందు వైపు వై ఆకారంలో ఉండేది, భుజాలకి అడ్డం రాదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి చెప్పండి.

గన్నవరం_పశువైద్యం | ఆగస్టు 14, రాత్రి 8:45

దొరికిందిగా, సగం కారణం. చెవి తగ్గేదాకా రోడ్డు మీద శిక్షణ వద్దు, మేడ మీదే తిప్పండి. ఈలోగా రెండు పనులు ఇంట్లో నేర్పండి. ఒకటి, మీరు ఒక మాట అనగానే వెనక్కి తిరిగి మీతో వచ్చెయ్యడం, పద అనండి చాలు, హాల్లో, తర్వాత మెట్ల మీద, తర్వాత సెల్లార్‌లో, వచ్చిన ప్రతిసారీ ముక్క. రెండు, వెతుకు అని నాలుగు ముక్కలు నేల మీద చల్లడం. ముక్కు కిందికి దించి వాసన చూస్తూ తినడం వాడిని నెమ్మదింపజేస్తుంది.

రోడ్డు మీదకి వచ్చాక మొత్తం విద్య ఒక్కటే, దూరం. ఎదురుగా కుక్క ఉన్నా వాడు చూసి కూడా మీ మాట వినగలిగే దూరం ఒకటి ఉంటుంది. ముక్క ఇస్తే తింటున్నాడా, హద్దు బయట ఉన్నట్టు. చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టినా కనిపించనట్టు ఉన్నాడా, హద్దు దాటేశారు, అక్కడ ఇంక నేర్పడం కుదరదు, వెనక్కి తిరిగి వచ్చెయ్యడమే. మీ సందులో గేట్లు లెక్కపెట్టండి. ఎన్ని గేట్ల దూరంలో నోరు మూసుకుంటుంది, ఎన్ని గేట్ల దూరంలో చెవులు నిక్కపొడుస్తాడు, ఎన్నింటికి ఎగురుతాడు, నోటుబుక్కులో రాసుకోండి.

ఆ హద్దు బయట నిలబడి, వాడు కుక్కని చూసిన క్షణం ముక్క. చూశాడు, ముక్క. చూశాడు, ముక్క. కుక్క కనుమరుగైందా, ముక్కలు బంద్. వరస ముఖ్యం, కుక్క ముందు, ముక్క తర్వాత. ముందే ముక్క చూపిస్తే ముక్క కనిపించినప్పుడల్లా ఎక్కడో కుక్క ఉందని వాడికి అనుమానం మొదలవుతుంది. కొన్నాళ్లకి కుక్కని చూసి తనే మీ మొహంలోకి చూస్తాడు, నా ముక్క ఏది అన్నట్టు. ఆ రోజు కోసం ఎదురుచూడండి.

ముక్కలంటే రోజూ తినే పెడిగ్రీ గింజలు కాదు, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడకబెట్టిన చికెన్, చిటికెన వేలి గోరంత. ఆ మేరకి రాత్రి అన్నం తగ్గించండి.

ఆటోనగర్_షెపర్డ్ | ఆగస్టు 14, రాత్రి 9:30

డాక్టర్ గారూ ఒక సందేహం, వాదన కోసం కాదు తెలుసుకుందామనే. మొరుగుతున్నవాడికి చికెన్ పెడితే ఇంకా మొరగమని బహుమతి ఇచ్చినట్టు కాదా?

గన్నవరం_పశువైద్యం | ఆగస్టు 14, రాత్రి 9:52

మంచి ప్రశ్న సార్, అందరికీ వచ్చేదే. చీకటంటే భయపడే పిల్లాడికి చీకట్లో లడ్డూ పెడితే ఇంకా ఎక్కువ భయపడదామని అనుకోడు కదా. భయం పని కాదు, బహుమతి ఇస్తే పెరగడానికి. రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కలకి ఒక చప్పుడు వినిపించి, ఆ వెంటనే తిండి పెట్టి చూపించింది ఇదే సూత్రం, దేని వెంట తిండి వస్తుందో దాని మీద శరీరమే అభిప్రాయం మార్చుకుంటుంది. అయితే రూబీ లాంటి ఉక్రోషం రకానికి మీ సందేహంలో కొంచెం న్యాయం ఉంది, వాళ్లకి మొరిగాక కాదు, మొరగకముందు, ఊరుకున్న క్షణంలో పెట్టాలి. అందుకే మళ్లీ దూరం దగ్గరికే వస్తున్నాం, మొరిగే దాకా తీసుకెళ్లకూడదు.

బంటి_అమ్మ | ఆగస్టు 29, రాత్రి 10:15

చెవి తగ్గిందండి. వారం నుంచి రోడ్డెక్కుతున్నాం, తెల్లారి 5 గంటలకే. లెక్క కూడా రాశాను, తొమ్మిది గేట్లకి చెవులు, ఆరు గేట్లకి నోరు మూత, నాలుగు గేట్లకి ఎగురుడు.

కానీ మీరందరూ దూరం దూరం అంటున్నారు, చెయిన్ కట్టిన కుక్కల నుంచి దూరం పాటించొచ్చు, మా సందులో అయిదు వీధి కుక్కలున్నాయి, నేను దూరం వెళ్తే అవే దగ్గరికి వస్తున్నాయి! నిన్న మూడు కలిసి చుట్టుముట్టాయి, బంటిని ఎత్తుకుందామంటే 19 కిలోలు, ఏడుపొచ్చేసింది. విదేశాల వీడియోల్లో ఈ సమస్యే ఉండదు, ఖాళీ రోడ్లు, పచ్చగడ్డి. మన ఊళ్లో ఎలా?

ఎర్రోడి_ఆంటీ | ఆగస్టు 30, ఉదయం 5:50

అమ్మాయ్, దీనికి నేను చెప్తాను. పన్నెండేళ్లుగా మొగల్రాజపురంలో మా వీధి కుక్కలకి నేనే అన్నం పెడతాను, ఆపరేషన్లకి పట్టించేది నేనే. వాటికి నీ బంటి మీద పగేం లేదు. అది వాటి వీధి, మీరు రోజూ వాటి ఇంట్లోంచి నడిచిపోతున్నారు, అదీ తాడు కట్టినవాడు వాటి మీద అరుస్తూ పోతున్నాడు. ఊరుకుంటాయా.

ముందు ఆ అయిదుగురినీ ఒక్కదానివే వెళ్లి చూడు, బంటిని ఇంట్లో వదిలి. చెవి చివర వి ఆకారంలో కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయి, టీకా వేసి, తెచ్చిన చోటే వదిలినట్టు గుర్తు, 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. కత్తిరింపు లేనివి ఎన్నో లెక్క చూసుకో, మున్సిపాలిటీ వాళ్లకి చెప్పి చేయించొచ్చు. పిల్లల తల్లి ఉంటే ఆ రెండు నెలలు ఆ దారి మానెయ్యి, తల్లిని ఎవరూ నమ్మించలేరు.

తర్వాత వాటికి అన్నం పెడుతున్నది ఎవరో కనుక్కో, ప్రతి వీధికీ ఒకరుంటారు. వాళ్లతో మాట్లాడి మీరు నడిచే టైముకి ముందే, మీ దారికి అవతలి చివర పెట్టమను. కడుపు నిండినవి కునుకు తీస్తుంటాయి, లేచి రావడానికి బద్ధకిస్తాయి. నువ్వు కూడా ఒక పది రోజులు బంటి లేకుండా వెళ్లి పలకరించు. నీ వాసన అలవాటైతే సగం గొడవ తగ్గుతుంది.

చుట్టుముడితే పరుగెత్తకు. పరుగెత్తావా వెంటపడతాయి. బంటిని నీ వెనక్కి తెచ్చుకుని, పక్కకి తిరిగి నిలబడి, గుప్పెడు బిస్కెట్ ముక్కలు వాటి వెనక్కి, దూరంగా, చల్లు. మొహాన కొట్టినట్టు కాదు, నేల మీద పరుచుకునేట్టు. అవి తల దించుకునేలోపు ఆగి ఉన్న కారు అవతలికి తిరిగి నడిచెయ్. చేతిలో గొడుగు ఉంచుకో. టప్పున తెరిచి మధ్యలో పెడితే గోడలా పనికొస్తుంది, కానీ ముందు ఇంట్లో నాలుగైదు రోజులు గొడుగు తెరిచి ముక్కలు పెట్టి బంటికి అలవాటు చెయ్, లేకపోతే వాడే బెదురుతాడు. రాళ్లు మాత్రం విసరకు. ఇవాళ రాయి తగిలిన కుక్క రేపు ఇంకో పిల్లాడిని చూసి భయపడి కరుస్తుంది.

కానూరు_304 | ఆగస్టు 30, ఉదయం 9:25

ఆంటీ మీకు దండాలు, ఇది ప్రింట్ తీసి పెట్టుకుంటా.

నా సమస్య లిఫ్ట్. నాలుగో అంతస్తు, లిఫ్ట్ తలుపు తెరవగానే ఎదురుగా రెండో అంతస్తు వాళ్ల పగ్ ఉంటే ఇంక అంతే. ఇప్పుడు అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్‌లో కుక్కని తేవద్దు, తెస్తే మూతికి మజిల్ తప్పనిసరి అంటున్నారు.

బ్రాడీపేట_కుర్రోడు | ఆగస్టు 30, మధ్యాహ్నం 1:10

బ్రో, జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది, పెంపుడు కుక్కని లిఫ్ట్‌లోకి రానివ్వం అనడానికి అసోసియేషన్‌కి కుదరదు, ఉమ్మడి స్థలాల్లో చెయిన్ కట్టమని అడగొచ్చు, మజిల్ మాత్రం పట్టుబట్టకూడదు. అది చూపించు, కానీ గొడవపడుతూ కాదు. అవతల భయపడేవాళ్లు కూడా మన పొరుగువాళ్లే. మేమైతే మా బిల్డింగ్‌లో ఇంకో కుక్క ఉన్నవాళ్ల నంబర్ తీసుకుని టైములు పంచుకున్నాం, వాళ్లు 6కి, మేము 6:20కి. లిఫ్ట్ తలుపు తెరుచుకునే ముందు రాజాని మూలకి తిప్పి నా వైపు చూసేలా కూర్చోబెడతా, ముందు నేను తొంగి చూస్తా, తర్వాతే బయటికి.

అయితే ఎవరూ అడగకపోయినా మజిల్ మంచిదే, కరిచిన చరిత్ర ఉన్నవాళ్లకి మరీ. పొలం దున్నే ఎడ్లకి చిక్కం కట్టేవాళ్లు చూడు, అలా బుట్టలా ఉన్నదే కొనాలి, లోపల నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. గుడ్డతో నోరు బిగించేది మన వేడిలో ప్రాణం మీదకి తెస్తుంది, కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ఎక్కువగా రొప్పే కదా. బుట్టలో వేరుశెనగ వెన్న రాసి వాడే మూతి పెట్టేలా రెండు వారాలు అలవాటు చేశా. వెన్న కొనేటప్పుడు జైలిటాల్ (చక్కెర బదులు తీపికి కలిపేది) లేనిదే చూసుకోండి, అది కుక్కలకి విషం.

బంటి_అమ్మ | అక్టోబరు 4, రాత్రి 11:20

చాలా రోజులైంది. మంచి వార్త చెప్దామనుకున్నా కానీ మొత్తం పోయినట్టుంది అండి. ఆరు గేట్ల నుంచి నాలుగు గేట్లకి వచ్చాం, ఆంటీ చెప్పినట్టు వీధి కుక్కలతో స్నేహం అయింది, నల్లోడు అనే పెద్దది ఇప్పుడు నన్ను చూస్తే తోక ఊపుతుంది. అంతా బాగుందనుకుంటుంటే దసరా పదిరోజులూ మైకులు, జనం, బాణసంచా, చుట్టాలు. నిన్న ఏడు గేట్ల దూరంలో కుక్కని చూసి మళ్లీ మొదటిరోజులా ఎగిరాడు. కంటి మీద కునుకు లేదు. నేను ఎక్కడ తప్పు చేశాను?

గన్నవరం_పశువైద్యం | అక్టోబరు 5, ఉదయం 7:05

మీరు తప్పేం చెయ్యలేదు. బిందె అనుకోండి. మైకు ఒక చెంబు, చుట్టాలు ఒక చెంబు, బాణసంచా రెండు చెంబులు, సరిగ్గా నిద్రపోకపోవడం ఒక చెంబు. నిండిపోయిన బిందెలో చుక్క వేసినా పొర్లుతుంది, ఆ చుక్క ఏడు గేట్ల అవతల కుక్క. నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. నాలుగైదు రోజులు రోడ్డు మానెయ్యండి, వాకింగ్ ఎగ్గొడితే పాపమేం కాదు. మేడ మీద పాత తువ్వాలులో ముక్కలు చుట్టి వెతికించండి, అట్టపెట్టెలు చింపనివ్వండి, బాగా నిద్రపోనివ్వండి. మళ్లీ ఎనిమిది గేట్ల నుంచి మొదలుపెట్టండి, ఈసారి త్వరగా దిగుతారు.

దీపావళికి ముందే మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఆ ఒక్కరోజుకి ఇచ్చే మందులున్నాయి. రోజూ భయంతోనే బతికే కుక్కలకి ఫ్లూఆక్సెటిన్ లాంటివి నాలుగు నుంచి ఆరు వారాలకి పనిచేస్తాయి, శిక్షణతో కలిపి. మందు వాడటం ఓడిపోవడం కాదు. కానీ మన ఇంట్లో ఉన్న నిద్రమాత్ర మాత్రం ఎవరూ సొంతంగా వెయ్యొద్దు, దయచేసి.

ఆటోనగర్_షెపర్డ్ | అక్టోబరు 5, రాత్రి 8:30

అమ్మా ధైర్యంగా ఉండండి. నేను కూడా ఒకటి చెప్పాలి. మా కొత్త పిల్లకి అయిదు నెలలు, దాని మీద చోక్ చెయిన్ వెయ్యలేదు ఈసారి. గేట్లు లెక్కపెడుతున్నా. పాత కుక్క విషయంలో డాక్టర్ గారి మాట ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ పిల్లకి మాత్రం చికెన్‌తోనే పోతున్నా, అది నా మొహంలోకి చూసే తీరు వేరేగా ఉంది.

భవానీపురం_రూబీ | అక్టోబరు 24, రాత్రి 9:00

బంటి అమ్మగారూ, ఒక ఆలోచన. రూబీ ఇప్పుడు పర్వాలేదు, వేరే కుక్కని చూసినా నాతో నడుస్తుంది. బంటికి కావాల్సింది దూరంగా, ఒకే వైపుకి, నెమ్మదిగా నడిచే కుక్క. ఎదురు రావడం కాదు, పక్కపక్కన నడవడం. యనమలకుదురు వైపు బందరు కాలవ ఉంది కదా, మీరు ఆ గట్టు మీద, నేను ఈ గట్టు మీద. మధ్యలో నీళ్లు. ఎవరూ ఎవరి మీదకీ రాలేరు. ఆదివారం పొద్దున 5:30, వస్తారా?

బంటి_అమ్మ | నవంబరు 9, ఉదయం 8:40

ఇప్పుడే ఇంటికొచ్చాం, చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నా. ఇది మూడో ఆదివారం. మొదటి వారం అవతలి గట్టు మీద రూబీని చూడగానే బంటి నోరు మూసేసి బిగుసుకుపోయాడు, నేను పద అని వెనక్కి తిప్పి గట్టు దిగి గడ్డిలో ముక్కలు చల్లాను, పది నిమిషాలు వాసన చూస్తూనే ఉన్నాడు, అంతే, ఇంటికొచ్చేశాం. రెండోవారం ఒక ఇరవై నిమిషాలు ఇద్దరూ చెరో గట్టు మీద నడిచారు.

ఇవాళ పొగమంచు. అవతల రూబీ ముందు కనిపించలేదు, మెడలో గంట చప్పుడు వినిపించింది. బంటి ఆగాడు. చెవులు నిక్కాయి. మంచులోంచి రూబీ తల కనిపించింది, నేను తాడు బిగించకుండా ఉండటానికి బొటనవేలు నొక్కిపట్టుకున్నా. వాడు చూశాడు, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను, నోరు కొంచెం తెరుచుకుంది, తల తిప్పి నా మొహంలోకి చూశాడు. నేనేమీ అనలేదు, పిలవలేదు. తనే చూశాడు. జేబులో ముక్క తియ్యడానికి చేతులు వణికాయి, రెండు కింద పడ్డాయి.

అవతలి గట్టు నుంచి రూబీ వాళ్ల నాన్నగారు చెయ్యి ఊపారు. మా అత్తగారికి వీడియో చూపించా, రెండుసార్లు పెట్టించుకుని చూసి, ఆదివారం చికెన్ నేను ఉడకబెడతాలే అన్నారు.

ఇంకా మా సందులో నాలుగు గేట్ల దగ్గర కష్టంగానే ఉందండి, లిఫ్ట్‌లో బుట్ట వేస్తూనే ఉన్నాం. స్నోయి వాళ్లూ, కానూరు వాళ్లూ, మీకు వీలుంటే వచ్చే ఆదివారం రండి, గట్టు పొడుగు చాలా ఉంది, ఒకరికొకరం దూరంగా నడుద్దాం. గొడుగు తెచ్చుకోండి.

సత్యనారాయణపురం_స్నోయి | నవంబరు 9, ఉదయం 9:02

వస్తున్నాం. రూబీ వైపు గట్టా, బంటి వైపు గట్టా?

భవానీపురం_రూబీ | నవంబరు 9, ఉదయం 9:10

నా వైపు రండి, నా వెనక పన్నెండు గేట్ల దూరంలో. ఇక్కడ గేట్లు లేవు కాబట్టి చెట్లు లెక్కపెట్టుకోండి.